సెమికోలన్ వద్దనేవారికి జవాబు

జాబితా రాయడానికి కామాలు చాలనీ, సెమికోలన్ పాతకాలపు ఆడంబరమనీ, ఎక్కడ ఏది పెట్టినా చదివేవాడికి సంగతి ఎలాగూ తెలిసిపోతుందనీ ఇంగ్లీషు రాసే మనవాళ్లలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. బడిలో కామా దగ్గర కాస్త ఆగమనీ, సెమికోలన్ దగ్గర ఇంకాస్త ఆగమనీ చెప్పి మాస్టారు ముందు పాఠానికి వెళ్లిపోతారు. ఉద్యోగంలో చేరాక ఈమెయిళ్లు రాయడం నేర్పేవాళ్లు సెమికోలన్ కనిపిస్తే కొట్టేయమంటారు. అమెరికన్ నవలాకారుడు కర్ట్ వానెగట్ అంతటివాడు దాన్ని వాడొద్దని కొత్త రచయితలకు చెప్పాడు కాబట్టి ఇక తిరుగులేదంటారు. ఈ అభిప్రాయం తప్పని నా వాదన. ఇది అభిరుచికి సంబంధించిన చిన్న తప్పయితే ఇంత రాయాల్సిన పనిలేదు. దీనివల్ల మనుషులు కోర్టులకెక్కారు, జీతం డబ్బుల కోసం ఏళ్ల తరబడి పోరాడారు. ఒక ఘోరమైన నేరచరిత్రలో ఎంత భాగం విచారణకు వచ్చిందో తేల్చడంలో కూడా ఒక సెమికోలన్ పాత్ర ఉంది.

ముందుగా ఒక సంగతి విడదీసి చెప్పాలి. రెండు పూర్తి వాక్యాలను కలపడానికి వాడే సెమికోలన్ వేరు, జాబితాలో వాడేది వేరు. మొదటిదాని విషయంలో ఎవరి అభిరుచి వారిది. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టి ముగించినా నష్టం లేదు. వానెగట్ సలహా కథలూ నవలలూ రాసేవాళ్లకు. దాన్ని తెచ్చి ఒప్పంద పత్రంలోని జాబితా మీద రుద్దడం అన్యాయం. జాబితాలో సెమికోలన్ చేసే పని ఫుల్‌స్టాప్ చేయలేదు, కామా కూడా చేయలేదు.

ఆగడం సిద్ధాంతం ఎక్కడిదో చూద్దాం. 18వ శతాబ్దపు ఇంగ్లీషు వ్యాకరణాల్లో అది కొలతలతో సహా ఉంది. 1762లో రాబర్ట్ లౌత్ విరామ చిహ్నాలను సంగీత స్వరాల కాలపరిమాణంతో పోల్చాడు. 1795లో లిండ్లీ మర్రే తన వ్యాకరణంలో కామాకు ఒక వంతు విరామమైతే సెమికోలన్‌కు దానికి రెట్టింపు, కోలన్‌కు దానికి రెట్టింపు, ఫుల్‌స్టాప్‌కు మళ్లీ దానికి రెట్టింపు అని లెక్క కట్టాడు. ఆ పుస్తకం తరాల తరబడి ఇంగ్లీషు ప్రపంచమంతటా చదివారు. చర్చి వేదిక మీదో సభలోనో పైకి చదివేవాళ్లకు ఆ లెక్క పనికొచ్చి ఉంటుంది. మనం ఇప్పటికీ పిల్లలకు అదే చెబుతున్నాం. కానీ నిశ్శబ్దంగా చదివే అద్దె ఒప్పందంలో, బీమా పాలసీలో, ప్రభుత్వ నోటిఫికేషన్‌లో ఊపిరి తీసుకునేది ఎవరు? అక్కడ చదివేవాడికి కావలసింది ఒక్కటే. ఏ మాట ఏ మాటకు చెందుతుంది, ఒక అంశం ఎక్కడ ముగిసి ఇంకొకటి ఎక్కడ మొదలవుతుంది.

ఒక సాదా వాక్యం తీసుకోండి. 'వుయ్ ఇన్వైటెడ్ రవి, ఎ లాయర్, సునీత, ఎ టీచర్, అండ్ మూర్తి.' భోజనానికి ఎన్ని విస్తళ్లు వేయాలి? రవి లాయరు, సునీత టీచరు అయితే ముగ్గురు. రవి వేరు, లాయరు వేరు, సునీత వేరు, టీచరు వేరు అయితే అయిదుగురు. నలుగురనీ చదవొచ్చు. ఎంత శ్రద్ధగా ఆగి ఆగి చదివినా ఈ కామాల నుంచి జవాబు రాదు. ఎందుకంటే ఇక్కడ ఒకే గుర్తు రెండు పనులు చేస్తోంది. మనిషినీ అతని వృత్తినీ కలిపేదీ కామానే, ఒక మనిషిని ఇంకో మనిషి నుంచి వేరుచేసేదీ కామానే. 'రవి, ఎ లాయర్; సునీత, ఎ టీచర్; అండ్ మూర్తి' అని రాయండి. ముగ్గురే. సందేహం లేదు.

ఆక్స్‌ఫర్డ్ కామా మీద జరిగే యుద్ధం ఇక్కడే వ్యర్థమవుతుంది. 'అండ్'కు ముందు కామా ఉండాలని ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్, షికాగో మాన్యువల్ పక్షం. మామూలు జాబితాల్లో అక్కర్లేదని అసోసియేటెడ్ ప్రెస్ వంటి పత్రికా శైలుల పక్షం. ఇంగ్లీషు మీద ప్రేమ ఉన్నవాళ్లు ఏదో ఒక పక్షాన నిలబడి వాదించుకుంటారు. పై వాక్యంలో ఆ చివరి కామా ఉంది. ఉండి ఏం తేల్చింది? తీసేస్తే మాత్రం ఏం తేలుతుంది? అంశాల కడుపులోనే కామాలున్నప్పుడు ఇంకో కామా చేర్చడమో తీసేయడమో పరిష్కారం కాదు. ఇంకో స్థాయి గుర్తు కావాలి. వరి పొలంలో మడికీ మడికీ మధ్య ఉండే సన్నగట్టు వేరు, మీ చేనుకూ పక్కవాడి చేనుకూ మధ్య ఉండే పెద్దగట్టు వేరు. రెండూ ఒకే కొలతలో వేస్తే ఎవరి పంట ఎవరిదో ఊళ్లో పంచాయితీ తప్పదు.

తెలుగువాళ్లం ఈ విషయాన్ని తేలిగ్గా తీసుకోవడానికి కారణం నిర్లక్ష్యం ఒక్కటే అనుకోను. మన భాష నిర్మాణం మనకు ఈ ఇబ్బంది రానివ్వదు. 'లాయరు రవీ టీచరు సునీతా మూర్తీ వచ్చారు' అంటే ఒక్క కామా లేకపోయినా ముగ్గురే వచ్చినట్టు. ప్రతి పేరు చివరా అచ్చు సాగి 'ఇక్కడితో ఈ అంశం అయిపోయింది' అని చెప్పేస్తుంది. వివరణ మాట పేరుకు ముందే వచ్చేస్తుంది. విజయవాడలో డాక్టరుగా పనిచేస్తున్న మా అన్నయ్య అంటాం. ఇంగ్లీషువాడు ముందు అన్నయ్యను చెప్పి, ఒక కామా పెట్టి, డాక్టరును తెచ్చి, ఇంకో కామా పెట్టి ముందుకు పోతాడు. మన దగ్గర ప్రత్యయం చేసే పని ఇంగ్లీషులో గుర్తు చేస్తుంది. అందుకే తెలుగు చెవితో ఇంగ్లీషు రాసేవాడికి ఆ గుర్తు అలంకారంలా కనిపిస్తుంది. అది లేకపోతే వాక్యం కూలిపోతుందని తట్టదు, ఎందుకంటే మనసులో వాక్యం తెలుగులా నిలబడే ఉంటుంది.

ఆగడం సిద్ధాంతం పట్టుకున్నవాళ్లు ఒకసారి హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగినైనా అడగండి. అవుట్‌లుక్‌లో ఈమెయిల్ పంపేటప్పుడు ఒక చిరునామాకూ ఇంకో చిరునామాకూ మధ్య సెమికోలన్ వస్తుంది. ఇంటిపేరు ముందు, కామా, ఆ తర్వాత అసలు పేరు అనే పద్ధతిలో పేర్లు ఉండే సంస్థల్లో కామా అప్పటికే పేరు లోపల వాడుకైపోయింది. మనిషికీ మనిషికీ మధ్య వేరే గుర్తు లేకపోతే ఒకే మనిషి ఇద్దరవుతాడు. ఇక సీఎస్‌వీ ఫైళ్ల సంగతి. కామాలతో విడదీసిన పట్టికలో 'డోర్ నంబరు, వీధి, ఊరు' అని ఉన్న చిరునామాను కొటేషన్ గుర్తుల్లో పెట్టకపోతే మూడు గడుల్లోకి చెల్లాచెదురవుతుంది. జర్మనీ, ఫ్రాన్స్ సెట్టింగులున్న కంప్యూటర్లలో ఎక్సెల్ సెమికోలన్‌తోనే గడులు విడదీస్తుంది. అక్కడ దశాంశ బిందువు స్థానంలో కామా వాడతారు కాబట్టి అంకె లోపల కామా ఉంటుంది. కంప్యూటరుకు ఊపిరి లేదు, ఆగాల్సిన పనీ లేదు. అయినా రెండు స్థాయిల గుర్తులు దానికి కావాల్సి వచ్చాయి.

'మనిషి కంప్యూటరు కాదు, సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాడు' అన్నది ఎదుటివారి అసలు బలమైన వాదన. దానికి సుప్రీంకోర్టు మాటను కూడా తోడు తెస్తారు. 1952లో అశ్వినీ కుమార్ ఘోష్ కేసులో జస్టిస్ బి.కె. ముఖర్జియా, చట్టాన్ని వ్యాఖ్యానించడంలో విరామ చిహ్నాలది చిన్న పాత్రేననీ, స్పష్టంగా ఉన్న అర్థాన్ని అవి శాసించలేవనీ అన్నారు. నిజమే, అన్నారు. అదే తీర్పులో ఆయన ఇంకో మాట కూడా అన్నారు. చట్టాన్ని జాగ్రత్తగా విరామ చిహ్నాలతో రాసి ఉండి, అర్థంలో సందేహం వస్తే ఆ చిహ్నాలకు విలువ ఇవ్వాల్సిందేనని. మొదటి సగం చెప్పి రెండో సగం మింగేయడం న్యాయం కాదు. వాదనంతా ఆ సందేహం వచ్చిన చోటు గురించే.

అలాంటి సందేహం 1979లో అదే సుప్రీంకోర్టు ముందుకు మహమ్మద్ షబ్బీర్ కేసులో వచ్చింది. మందుల చట్టం 27వ సెక్షన్‌లో నేరాల జాబితా అప్పట్లో ఇలా ఉండేది. అమ్మకం కోసం తయారుచేయడం, కామా, అమ్మడం, కామా, ఆ తర్వాత 'స్టాక్స్ ఆర్ ఎగ్జిబిట్స్ ఫర్ సేల్'. స్టాక్స్ అన్న మాట తర్వాత కామా లేదు. అంటే 'అమ్మకం కోసం' అన్న షరతు ప్రదర్శించడానికే కాదు, నిల్వ ఉంచడానికీ వర్తిస్తుంది. కాబట్టి మందులు దగ్గర ఉంచుకున్నంత మాత్రాన ఆ సెక్షన్ కింద నేరం కాదు, అమ్మే ఉద్దేశం ఉండాలి అని కోర్టు తేల్చింది. అక్కడ కామా ఉండి ఉంటే? మందులు నిల్వ ఉంచడమే ఒక నేరంగా విడిగా నిలబడేది. మనిషి జైలుకు పోవడానికీ పోకపోవడానికీ మధ్య ఉన్నదాన్ని 'చిన్న విషయం' అనేవాళ్లు ఆ బోనులో నిలబడ్డవాడి వైపు నుంచి ఒకసారి ఆలోచించాలి.

సందర్భం ఆదుకుంటుందన్న ధీమా స్నేహితుల మధ్య చెల్లుతుంది. మీ ఉత్తరాన్ని మీ మేలు కోరేవాడు చదివితే తప్పున్నా సరిదిద్దుకుని చదువుతాడు. ఒప్పందాన్నీ చట్టాన్నీ ఒకరోజు మీ ప్రత్యర్థి చదువుతాడు, తన లాభానికి చదువుతాడు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఓవర్‌టైమ్ చట్టానికి జరిగింది అదే. పాడి ఆహారాల వంటి పాడయ్యే సరుకులకు సంబంధించిన కొన్ని పనులకు ఓవర్‌టైమ్ చెల్లించనక్కర్లేదని ఆ చట్టం ఒక జాబితా ఇచ్చింది. డబ్బాల్లో నింపడం, శుద్ధి చేయడం, నిల్వ చేయడం వంటివి వరుసగా కామాలతో చెప్పి, చివర 'ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్' అని రాశారు. షిప్‌మెంట్ తర్వాత కామా లేదు. పంపిణీ ఒక విడి పని అని ఓక్‌హర్స్ట్ డెయిరీ వాదించింది. రవాణాకో పంపిణీకో ప్యాక్ చేయడమే ఇక్కడ చెప్పిన పని, మేం ప్యాకింగ్ చేయం, పాలు చేరవేస్తాం, కాబట్టి మాకు ఓవర్‌టైమ్ రావాలి అని డ్రైవర్లు వాదించారు. కింది కోర్టు కంపెనీ పక్షాన నిలిచింది. 2017 మార్చిలో ఫస్ట్ సర్క్యూట్ అప్పీలు కోర్టు ఆ వాక్యం రెండు రకాలుగానూ చదవొచ్చనీ, కాబట్టి కార్మికుల మేలు కోరే ఆ చట్టం ఉద్దేశం ప్రకారం డ్రైవర్ల పక్షాన చదవాలనీ చెప్పింది. మరుసటి ఏడాది కంపెనీ 50 లక్షల డాలర్లకు రాజీ చేసుకుంది.

ఈ కేసును అందరూ ఆక్స్‌ఫర్డ్ కామా కథగా చెప్పుకుంటారు. నాకు అందులో ఇంకో రెండు సంగతులు ముఖ్యం. ఒకటి, అదే నిబంధనలో ఆ పనుల జాబితా వెంటనే సరుకుల జాబితా ఉంది. వ్యవసాయ ఉత్పత్తులు, మాంసమూ చేపలూ, పాడయ్యే ఆహారాలు. వాటిని అంకెలు వేసి సెమికోలన్లతో విడదీశారు. ఎవరూ ఆ జాబితా మీద వ్యాజ్యం వేయలేదు. రెండు, తీర్పు తర్వాత మెయిన్ శాసనసభ ఆ చట్టాన్ని సవరించినప్పుడు కామాల బదులు ప్రతి పనికీ మధ్య సెమికోలన్ పెట్టింది. ఒక్క కామా చేర్చినా సరిపోయేదే. 'క్యానింగ్' వంటి ఒంటిమాటల మధ్య సెమికోలన్ నిజానికి మోతాదు మించింది. అయినా దెబ్బతిన్న తర్వాత చట్టం రాసేవాళ్లు దేన్ని నమ్ముకున్నారో చూడండి.

ఇప్పుడు అసలు బరువైన ఉదాహరణకు వస్తాను. 1945 ఆగస్టు 8న లండన్‌లో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ ఒక ఒప్పందం మీద సంతకాలు చేశాయి. నాజీ నాయకులను విచారించిన న్యూరెంబర్గ్ ట్రిబ్యునల్‌కు ఆధారం దానికి జతచేసిన చార్టర్. దాని 6వ అధికరణంలోని సి ఖండిక మానవాళిపై నేరాలను నిర్వచిస్తుంది. అది ఒక జాబితా. మొదటి భాగంలో హత్య, సామూహిక సంహారం, బానిసత్వం, బలవంతపు తరలింపు, యుద్ధానికి ముందుగానీ యుద్ధకాలంలోగానీ పౌరుల మీద జరిపిన ఇతర అమానుష చర్యలు ఉన్నాయి. రెండో భాగంలో రాజకీయ, జాతి, మత కారణాలతో సాగించిన వేధింపులు ఉన్నాయి. ఆ వెంటే ఒక షరతు ఉంది: ట్రిబ్యునల్ పరిధిలోని ఇంకో నేరంతో ముడిపడి ఉండాలి. ఇంగ్లీషు, ఫ్రెంచి ప్రతుల్లో ఈ రెండు భాగాల మధ్య సెమికోలన్ ఉంది. రష్యన్ ప్రతిలో ఉన్నది కామా.

తేడా ఏమిటి? సెమికోలన్ ఉంటే ఆ షరతు దాని ఇవతల ఉన్న వేధింపులకే పరిమితం. హత్యలూ సంహారాలూ వాటంతట అవే నేరాలుగా నిలబడతాయి, యుద్ధంతో ముడి ఉన్నా లేకపోయినా. కామా అయితే గోడ పడిపోతుంది. షరతు జాబితా మొత్తానికీ పాకుతుంది. అప్పుడు యుద్ధం మొదలుకాకముందు జర్మనీ తన సొంత పౌరుల మీదే చేసిన ఘోరాలను విచారించాలంటే అవి దురాక్రమణ యుద్ధంతోనో యుద్ధ నేరాలతోనో ముడిపడ్డాయని రుజువు చేయాలి. నాలుగు దేశాలూ ఈ తేడాను గుర్తించాయి. 1945 అక్టోబర్ 6న బెర్లిన్‌లో ఆ ఒక్క గుర్తు కోసమే ప్రత్యేకంగా ఒక ప్రోటోకాల్ రాసుకుని, సెమికోలన్ తీసి కామా పెట్టాయి. 1946లో తీర్పు చెప్పేటప్పుడు ట్రిబ్యునల్, 1939 సెప్టెంబర్ 1కి ముందు యూదులపై జరిగిన దారుణాలు భయంకరమైనవే అయినా ఆ ముడి తగినంతగా రుజువు కాలేదని, వాటిని మొత్తంగా చార్టర్ అర్థంలో మానవాళిపై నేరాలుగా ప్రకటించలేమని చెప్పింది. ఆ నిర్ణయం వెనక రాజకీయమూ ఉంది, తమ సొంత ఇళ్లలోని వ్యవహారాల మీదికి ఇంకో దేశపు కోర్టు రాకూడదన్న జంకూ ఉంది. దాన్ని కాదనను. కానీ ఆ రాజకీయం తన పని చేయించుకోవడానికి ఎంచుకున్న పనిముట్టు ఒక సెమికోలన్. అది ఉత్త అలంకారమైతే, యుద్ధం గెలిచిన నాలుగు రాజ్యాలకు దాన్ని తీయించడానికి ఇంకో పత్రం మీద సంతకాలు చేయాల్సిన అవసరం ఏమొచ్చింది?

ఇంతా విన్నాక కొందరు దారి మార్చి, 'అంత గొడవ ఎందుకు, బులెట్ పాయింట్లు పెట్టేస్తే పోలా' అంటారు. పెట్టగలిగిన చోట పెట్టండి, నాకు అభ్యంతరం లేదు. కొనాల్సిన సామాన్ల చిట్టాకూ, మీటింగ్ నోట్సుకూ బులెట్ హాయిగా ఉంటుంది. కానీ వాక్యం మధ్యలో వచ్చే జాబితాకు బులెట్ పెట్టలేరు. పరిశోధన పత్రంలో రచయితల పేర్లకూ వారి సంస్థలకూ, వార్తలో మృతుల పేరు, వయసు, ఊరు చెప్పే వాక్యానికీ, వీలునామాలో ఎవరికి ఏది అన్న వాక్యానికీ సెమికోలన్ తప్ప దారి లేదు. 'హైదరాబాద్, సింధ్, హైదరాబాద్, తెలంగాణ, ఔరంగాబాద్, బిహార్' అని రాయాల్సిన చోట కామాలే పెడితే ఆరు చోట్లు కనిపిస్తాయి. పైగా బులెట్లు పెట్టినా అంశాల మధ్య సంబంధం 'అండ్'ఓ 'ఆర్'ఓ చెప్పకుండా తప్పించుకోలేరు. అన్నీ కావాలా, ఏదో ఒకటి చాలా అన్నది చుక్క చెప్పదు.

అందుకని ప్రతి జాబితాలోనూ సెమికోలన్లు చల్లమనడం లేదు. 'మిల్క్; కర్డ్; బటర్' అని రాస్తే చదివేవాడు వీటి లోపల ఏదో చిక్కు ఉందేమోనని వెతుక్కుంటాడు. అంశాల్లో దేనిలోనైనా కామా ఉంటే విడదీయడానికి సెమికోలన్ వాడాలి, లేకపోతే కామా చాలు. ఒకచోట సెమికోలన్ మొదలుపెడితే ఆ జాబితా చివరి దాకా అదే వాడాలి. నేర్పాల్సింది ఇంతే. ఆరో తరగతి పిల్లకు పదిహేను నిమిషాల్లో అర్థమయ్యే సంగతిని మనం ఊపిరి లెక్కలతో చిక్కుపరిచి, పెద్దయ్యాక అది పాత చాదస్తమని చెబుతున్నాం.

దానికి పాఠం కూడా వెతుక్కోనక్కర్లేదు. రాజ్యాంగ పీఠికను పాఠ్యపుస్తకాల మొదట్లో అచ్చువేస్తున్నాం, పిల్లలతో పైకి చదివిస్తున్నాం. ఇంగ్లీషు పీఠికలో జస్టిస్ తర్వాత కామా పెట్టి సోషల్, ఎకనామిక్ అండ్ పొలిటికల్ అన్నారు. అక్కడ సెమికోలన్. లిబర్టీ కింద థాట్, ఎక్స్‌ప్రెషన్, బిలీఫ్, ఫెయిత్ అండ్ వర్షిప్. అక్కడ మళ్లీ సెమికోలన్. ఆ తర్వాత ఈక్వాలిటీ, మళ్లీ సెమికోలన్, చివరికి ఫ్రెటర్నిటీ. నాలుగు పెద్ద మాటలు, ఒక్కోదాని కింద దాని వివరాలు. ఆ సెమికోలన్లన్నీ కామాలుగా మార్చి పిల్లల చేత చదివించండి. పొలిటికల్ తర్వాత వచ్చే లిబర్టీ న్యాయంలో ఒక రకమవుతుంది. వర్షిప్ తర్వాత వచ్చే ఈక్వాలిటీ స్వేచ్ఛల వరుసలో ఆరోదై కూర్చుంటుంది. ఇప్పుడు ఏది దేనికి చెందుతుందో చెప్పమని క్లాసును అడగండి, ఆ తర్వాత రాజ్యాంగంలో ఉన్న అసలు పాఠం వాళ్ల ముందు పెట్టండి.